పొగగూడు ఎవరి ఎత్తుకు?

ఆత్రేయపురంలోని మా ఇంటి వంటగదిలో ఆగ్నేయ మూలన, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన ఇటుక కట్టడం ఒకటి ఉంది. కింద గొడుగులా వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి, శ్లాబు దాటి డాబా మీద మూడడుగుల గొట్టంగా లేస్తుంది. మా ఇంట్లో దాన్ని పొగగూడు అనేవారు. తాపీ మేస్త్రీలు చిమ్నీ అంటారు. దాని కింద మంట వెలిగి ముప్పై ఏళ్లు కావస్తోంది. లోపల మసి గట్టిపడి పెచ్చులు కట్టింది. వాన పడితే ఆ మసి కరిగి గోధుమరంగు చారలుగా గోడ మీదికి దిగుతుంది. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ చారలు మళ్లీ పైకి తేలతాయి.

రాజమండ్రిలో ఉంటున్న అన్నయ్యా వదినా అమ్మను తీసుకుని ఊరికి వచ్చేయాలని నిశ్చయించుకున్నాక ఇల్లు బాగుచేయించడం మొదలైంది. ఈ గూడును ఏం చెయ్యాలన్నది ఇంటిల్లిపాదికీ చర్చ అయింది. కొట్టించేస్తే మూడడుగుల జాగా కలిసొస్తుంది, ఫ్రిజ్ పెట్టుకోవచ్చని అన్నయ్య. తలుపులు బిగించి దేవుడి మందిరం చేయమని మేనత్త. ఆగ్నేయంలో అగ్నే ఉండాలి గానీ దేవుడు కాదని వాస్తు చెప్పే పెద్దమనిషి. అరలు కొడితే ముప్పై డబ్బాలు పడతాయని వడ్రంగి. హైదరాబాదులో ఇళ్ల లోపలి అలంకరణ చేసే నా స్నేహితురాలు ఫోటో చూసి తెగ ముచ్చటపడింది. పూత గీకించి ఇటుకలు బయటపెట్టు, కింద రెండు ఇత్తడి బిందెలు పెట్టి పైనుంచి పసుప్పచ్చ లైటు వేయించు, చూసినవాళ్లు వదలరు అంది. అమ్మ ఏమీ అనలేదు. ఆ గూడు కింద పన్నెండేళ్లు వండిన మనిషి తనొక్కతే. ఇకముందు ఆ గదిలో వండబోయే వదిన కూడా మొదట ఏమీ అనలేదు. ఇన్ని సలహాలూ ఇచ్చినవాళ్లలో ఆ పొయ్యి దగ్గర ఒక పూట కూర్చున్నవాళ్లు గానీ, రేపు నిలబడబోయేవాళ్లు గానీ లేరు.

స్త్రీవాద సాహిత్యంతో పరిచయమున్న మనలాంటి వాళ్లకు వంటిల్లు అనగానే విమల కవిత 'వంటిల్లు' మనసులో మెదులుతుంది. వంటిళ్లను కూలగొట్టమన్న ఆమె పిలుపును పరిశోధన చేసే రోజుల్లో నేను ఎన్నిసార్లు చదివానో, తర్వాత ఎన్ని తరగతుల్లో చదివించానో లెక్కలేదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికీ అలికీ తన పేరే మరిచిపోయిన ఇల్లాలు కూడా అలాగే గుర్తుకొస్తుంది. ఈ రచనలు వంటింటిని ఒక గదిగా కాక ఒక వ్యవస్థగా చూడ్డం మనకు నేర్పాయి. ఆ చూపు లేకపోతే ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు భాషే ఉండేది కాదు. అయితే వ్యవస్థకు ఇటుకలు కూడా ఉంటాయి. మేస్త్రీ సుత్తీ ఉలీ పట్టుకుని "ఎక్కణ్నుంచి కొట్టమంటారమ్మా?" అని అడిగినప్పుడు పితృస్వామ్యం దగ్గర్నుంచి అని చెప్పలేం కదా. వంటింట్లో ఏ ఇటుక ఆడవాళ్ల మీద పనిచేసింది, ఏది వాళ్ల పక్షాన పనిచేసింది అని విడివిడిగా చూసుకోవాల్సి వస్తుంది. కూల్చడానికి అందరికంటే ముందు అందరి కళ్లూ పడింది పొగగూడు మీద. నా మట్టుకు నాకు, ఆ గదిలో చిట్టచివరన కూల్చాల్సింది అదే అనిపించింది. ఎందుకనిపించిందో చెప్పాలంటే అసలు అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి.

తాతయ్య మొదట కట్టించింది పెంకుటిల్లు. పెంకుటింటి వంటగదికి పొగగొట్టం అక్కర్లేదు. పెంకుకీ పెంకుకీ మధ్య ఉండే సందుల్లోంచి పొగ నెమ్మదిగా బయటికి పోతుంది. పోతూపోతూ వాసాలకు, దూలాలకు మసి పూసి పురుగు పట్టకుండా కాపాడుతుంది కూడా. వండే మనిషి కళ్లు ఎలాగూ మండుతాయి, ఊపిరి ఎలాగూ బరువెక్కుతుంది. అయినా పొగకు ఎటో ఒక దారి ఉంటుంది. 1960ల చివర్లో వెనకభాగం పడగొట్టి డాబా వేశారు. డాబా అంటే ఊళ్లో పరువు. శ్లాబు పడ్డాక సందులన్నీ మూసుకుపోయాయి. పొగ పైకి లేచి శ్లాబుకు తగిలి, దారి లేక మళ్లీ కిందికి దిగి, గుమ్మాలగుండా నడవాలోకీ ముందు హాల్లోకీ పాకింది. గూడు, గొట్టం ఆ తర్వాతి ఏడాది కట్టినవి.

ఎందుకు కట్టారన్నదానికి మా ఇంట్లో రెండు కథలున్నాయి. మేనత్త చెప్పేది, తన తల్లి కళ్లు మండి నీళ్లు కారుతుంటే చూడలేక తండ్రి ప్రత్యేకంగా మేస్త్రీని పిలిపించి కట్టించాడని. అమ్మ చెప్పేది తన అత్తగారి నోట విన్నది. పెద్ద మేనత్త పెళ్లిచూపులకని వేయించిన వెల్ల రెండు నెలలు తిరక్కుండా నల్లబడిపోయిందట. మగపెళ్లివారు వచ్చే గది పొగచూరి ఉంటే బాగుండదని అప్పుడు గొట్టం కట్టించారట. "నా కళ్ల కోసం కాదే పిల్లా, గోడల కోసం" అని నాయనమ్మ నవ్వేదట. కూతురు దాచుకున్న తండ్రి కథ ఒకటి, కోడలు దాచుకున్న అత్తగారి కథ ఒకటి. మౌఖిక కథనాలతో పనిచేసేవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకే ఇంట్లో జ్ఞాపకం ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. నేను పొయ్యి ముందు కూర్చున్న మనిషి మాట వైపు మొగ్గుతాను. గోడల కోసమే కట్టినా గొట్టం తన పని తాను చేసింది. కింద మంట రగిలితే వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, గొట్టం దాన్ని లాక్కుంటుంది, ఆ ఖాళీలోకి గదిలోని చల్లగాలి వచ్చి చేరుతుంది. మగపెళ్లివారికోసం పైకి పోయిన పొగే నాయనమ్మ గుండెలోకి పోకుండా పోయింది. కట్టినవాళ్ల ఉద్దేశం ఏదైనా వాడుకలో అది ఆమెది అయింది. స్త్రీల చరిత్రలో మనకు దక్కిన చాలా వసతులు ఈ దారిలోనే వచ్చాయేమో. వేరే ఎవరి అవసరానికో వచ్చినవాటిని మనవాళ్లు తమ అవసరానికి వాడుకున్నారు.

ఆ గూడులో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది దాని ఎత్తు. కింది అంచు నేల నుంచి సరిగ్గా నాలుగడుగులు. నేను నిలబడితే నా ఛాతీకి తగులుతుంది. అది నిలబడి వండే మనిషి కోసం కట్టింది కాదు. పొయ్యిగట్టు జానెడెత్తు. ముందు పీట. చేతికందేంత దూరంలో ఎండు కొబ్బరిమట్టలు, సరుగుడు పుల్లలు. మరో పక్క నీళ్ల చెంబు, గంజి వార్చే గిన్నె. మధ్యలో కూర్చున్న నాయనమ్మ. ఆ కాలపు మేస్త్రీ వీధి గుమ్మాన్ని మగవాళ్ల ఎత్తు చూసి పెట్టాడు, అరుగును వాళ్లు కాళ్లు వేలాడేసుకుని కూర్చునే ఎత్తుకు కట్టాడు, కిటికీని వాళ్లు పడక్కుర్చీలో కూర్చుంటే వీధి కనబడే ఎత్తులో అమర్చాడు. ఇల్లు మొత్తం మీద ఒక ఆడమనిషి శరీరాన్ని కొలిచి కట్టింది ఈ గూడు ఒక్కటే. ఆ కొలత కూడా ఆమె కూర్చున్నప్పటిది. లేచి నిలబడితే తల కొట్టుకుంటుంది.

1990ల మధ్యలో మా ఇంటికి గ్యాసు వచ్చింది. ఎదురు గోడకు కడప బండతో కొత్త గట్టు కట్టి దాని మీద స్టవ్ పెట్టారు. అప్పుడు అమ్మ లేచి నిలబడింది. పొగ పోయింది, గిన్నెల అడుగు మసి పోయింది. అది చిన్న సంగతేమీ కాదు. అయితే ఆ మార్పులో ఇంకొకటి జరిగింది. మట్టలు చీల్చడం, సరుగుడు మోపులు కొనుక్కొచ్చి అటక మీదికి ఎక్కించడం, ఏటా సంక్రాంతి ముందు డాబా ఎక్కి గొట్టంలోకి తాడు కట్టిన గోనెచుట్ట దించి మసి దులపడం, ఇవన్నీ మా ఇంట్లో మగవాళ్లు చేసిన పనులు. వంటకు సంబంధించి వాళ్లు చేసిన పనులు ఇవే. గ్యాసు వచ్చి వీటిని తీసేసింది. బియ్యం ఏరడం, కూర తరగడం, వండడం, వడ్డించడం, గిన్నెలు తోమడం ఎక్కడివక్కడే ఉన్నాయి. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో వచ్చిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకంలో అక్కడి వంటిళ్ల గురించి ఇదే చెప్పింది. పోత ఇనుము పొయ్యిలు వచ్చి కట్టెల అవసరం తగ్గినప్పుడు తగ్గింది మగవాళ్ల శ్రమ, ఆడవాళ్ల శ్రమ తగ్గలేదని. ఆత్రేయపురంలో మా వంటింటి రెండు గోడలు ఎదురెదురుగా నిలబడి అదే చెబుతున్నాయి.

మసి దులిపే పని గురించి ఇంకో మాట. ఆ పని మగవాళ్లది, చెయ్యకపోతే దగ్గు ఆడవాళ్లది. గొట్టం లోపల మసి పేరుకుంటే దారి ఇరుకవుతుంది, లాగుడు తగ్గుతుంది, పొగ వెనక్కి తన్నుతుంది. తాతయ్య పోయాక రెండేళ్లపాటు ఎవరూ డాబా ఎక్కలేదని, ఆ రెండేళ్లూ పెంకుటింటి రోజులే నయమనిపించాయని అమ్మ చెప్పింది. ఒకరు మరిచిపోతే ఇంకొకరికి ఊపిరాడని ఏర్పాటు అది. ఇది మా ఇంటి సంగతే కాదు. ఒరిస్సా పల్లెల్లో పొగగొట్టంతో ఉన్న మెరుగైన పొయ్యిలు ఇచ్చి కొన్నేళ్లపాటు పరిశీలించిన ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రీమా హన్నా అనే ఆర్థికవేత్తలు తమ ఫలితాలను 2012లో బయటపెట్టారు. మొదటి ఏడాది వంటచేసే ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. తర్వాత ఆ మేలు నిలవలేదు. పొయ్యిలు పాడయ్యాయి, వాటిని బాగుచేసుకోవడానికి ఇళ్లవాళ్లు డబ్బూ శ్రమా పెట్టలేదు, వాడడం తగ్గించేశారు. ఆ పరిశోధనను చదివి పల్లె జనానికి ఆరోగ్యం విలువ తెలియదని తేల్చేసేవాళ్లు ఉంటారు. నాకు మాత్రం తట్టిన ప్రశ్న వేరు. ఇంట్లో ఎవరి ఊపిరి కోసం ఎవరు నిచ్చెన ఎక్కాలి?

పొగ లేని వంటిల్లు అనే ఆలోచన మన దగ్గర కొత్తది కాదు. వార్ధా మగన్‌వాడీలో గ్రామపరిశ్రమల వాళ్లు 1940లలోనే గొట్టం ఉన్న మట్టిపొయ్యి తయారుచేశారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో ఎస్.పి. రాజు మరో నమూనా రూపొందించాడు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు పెట్టుకునే వీలు, చివర పొగగొట్టం. దాని మీద 1953లో ఆయన ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' దాని పేరు. కోట్లమందికి పొగలేని వంటిళ్లు ఇవ్వాలన్న కోరికను పేరులోనే పెట్టుకున్నాడు. 1980ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ పథకం పెట్టి 2002లో ఆపేసే నాటికి దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టింది. కట్టినవాటిలో ఎన్ని నిలిచాయన్న దగ్గరే ఆ పథకం విమర్శలకు గురైంది. మన రాష్ట్రంలో 1999లో 'దీపం' పథకం వచ్చి డ్వాక్రా మహిళల పేరు మీద గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. 2016లో 'ఉజ్జ్వల' వచ్చింది. 2024లో 'దీపం-2' కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. సిలిండర్ ఆడవాళ్ల పేరుమీద రావడం మంచిదే. వంట ఇక శాశ్వతంగా వాళ్లదేనని దాని మీద ముద్ర వేసినట్లు కూడా ఉంటుంది. రెండూ నిజమే.

ఇక అమ్మ సంగతి. నాలుగేళ్లుగా ఆమెకు మెట్లెక్కితే ఆయాసం, తెల్లవారుజామున దగ్గు. ఊపిరితిత్తుల పరీక్ష చేసిన డాక్టరు రిపోర్టు చూసి మొదట అడిగిన ప్రశ్న, "చుట్ట తాగే అలవాటుందా అమ్మా?" అని. లేదంటే, ఇంట్లో ఎవరైనా తాగేవారా అని. మూడో ప్రశ్న కట్టెల పొయ్యి గురించి. ఎన్నేళ్లు వండారని అడిగితే అమ్మ తడుముకోలేదు. పుట్టింట్లో పదో ఏట నుంచి, అత్తారింట్లో పన్నెండేళ్లు అని చెప్పేసింది. సిగరెట్ తాగేవాళ్లకు ఇన్ని పెట్టెలు, ఇన్నేళ్లు అని లెక్క ఉంది. పొయ్యి ముందు కూర్చున్న ఏళ్లను రాసుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు. డాక్టరు దాన్ని అంచున పెన్సిలుతో రాసుకుంది. కిర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1980ల మొదట్లో గుజరాత్ గ్రామాల్లో, వండుతున్న స్త్రీలు పీల్చే పొగను కొలిచేవరకూ ప్రపంచానికి ఇది ఒక కాలుష్యంగా పెద్దగా కనిపించలేదు. గాలి కాలుష్యమంటే ఫ్యాక్టరీ గొట్టాలే. ఇళ్లలో వంట పొగ వల్ల 2020లో దాదాపు 32 లక్షలమంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అంచనా చదివినరోజు మళ్లీ గూడు దగ్గరికెళ్లి చూశాను. లోపలి పెచ్చును గోటితో గీకితే నల్లగా రాలింది. ఈ మసి గోడకు అంటుకుంది గనక మనం చూడగలుగుతున్నాం. అమ్మ పుట్టింటి వంటగదికి గొట్టం లేదు.

ఈ మాటలన్నీ వదినకు చెప్పాను. వదిన ఓపిగ్గా వింది. విని, "నీకది జ్ఞాపకం. నాకు రోజూ వంట" అంది. నాలుగడుగుల ఎత్తున్న గూడు కింద తను నిలబడలేదు. దాన్ని అలాగే ఉంచితే గదిలో నాలుగోవంతు వృథా. మ్యూజియంలో వంట చెయ్యమంటావా అని అడిగింది. ఆ మాట నా మనసులో పడింది. ఆడవాళ్ల చరిత్రను కాపాడ్డం పేరుతో బతికున్న ఆడమనిషి నడుం వంచకూడదు. వదిన ఇంకో సంగతి కూడా ఎత్తి చూపింది. కొత్త వంటింటికి అన్నయ్య ఒప్పుకున్న అంచనాలో కరెంటు చిమ్నీ ఉంది, దాని గొట్టం గోడకు కన్నం పెట్టి బయటికి తీయాలట. "ఉన్న చిమ్నీ కొట్టేసి చిమ్నీ కొనుక్కుంటామా?" అంది. మా ఇంట్లో ఇన్ని రోజుల చర్చలో ఎవరికీ తట్టని మాట అది. గ్యాసు వచ్చాక పొగ లేదు గదా, గొట్టమెందుకని అందరం అనుకున్నాం. గ్యాసు మంటలోంచీ కంటికి కనబడని వాయువులు వస్తాయి, వాటిలో నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులకు మంచిది కాదు. తాలింపు ఘాటు, వేపుడు నూనె ఆవిరి సరేసరి. అమ్మ ఉన్న ఇంట్లో అది పట్టించుకోక తప్పదు.

అక్కణ్నుంచి చర్చ మారింది. గూడు ఉండాలా పోవాలా అని కాకుండా, ఎంత ఎత్తున ఉండాలి అని. ఊళ్లో పెద్దవయసు మేస్త్రీ ఒకాయన వచ్చి గోడ మీద వేళ్లతో కొట్టి చూసి, చెప్పాల్సినవి తేటగా చెప్పాడు. గూడు కిందిభాగం బరువు రెండు పక్కల గోడముక్కల మీద, మధ్యలో వేసిన బండ మీద నిలిచింది. ఏమీ ఆలోచించకుండా కింద కొట్టేస్తే పైనున్న గొట్టం బరువుకు ఆధారముండదు, శ్లాబు దగ్గర పగుళ్లిస్తుంది. ముందు పైభాగాన్ని పోటీలతో నిలబెట్టి, కొత్త లింటెల్ ఎత్తులో వేసి, అది గట్టిపడ్డాక అప్పుడు కింది ఇటుకలు తీయాలి. గొట్టాన్ని పైనా కిందా బిగించి మూసేద్దామన్న ఆలోచన కూడా ఆయన వద్దన్నాడు. ఇది గోదావరి గాలి, ఏడాదంతా చెమ్మే. పాత ఇటుక గోడ ఊపిరి పీల్చాలి. రెండు వైపులా మూస్తే లోపలి చెమ్మ పోయే దారి లేక మసిలోని ఉప్పును కరిగించుకుని పూతలోంచి బయటికొస్తుంది. గోడ మీది గోధుమరంగు చారలకు కారణం అదే. దాని మీద సిమెంటు పూస్తే ఇంకా ఉబ్బుతుంది. పైన వాన పడకుండా చిన్న పలక, పలక కింద నాలుగువైపులా గాలికి సందు, పిట్టలూ కందిరీగలూ గూడు కట్టకుండా జాలీ, ఇంతే కావాలన్నాడు.

చివరికి చేసింది ఇది. పొయ్యిగట్టు తీసేశాం. గూడు కింది అంచును అడుగున్నర పైకి ఎత్తించాం. కొత్త గట్టును వదిన నిలబడి మోచెయ్యి మడిస్తే దానికి కాస్త కిందికి వచ్చేలా కట్టించాం. మేస్త్రీ టేపు పట్టుకుని కొలిచాడు, సుద్దతో గీత గీశాడు. గొట్టం మొదట్లో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, దులపడానికి చేతికందే ఎత్తులో ఇనుప తలుపు బిగించాం. దులపడానికి ఇకమీదట ఎవరూ డాబా ఎక్కనక్కర్లేదు. ఆ తలుపు తీసి శుభ్రం చేసే పని అన్నయ్యదని వదిన అందరి ముందూ చెప్పింది. వాస్తు పెద్దమనిషికీ అభ్యంతరం లేకపోయింది, అగ్ని ఆగ్నేయంలోనే ఉంది గనక. పాత అంచు ఎక్కడ ఉండేదో గోడ మీద సన్నటి గీతగా కనిపిస్తోంది. దాన్ని పూతలో కప్పించలేదు. కూర్చున్న ఎత్తుకీ నిలబడ్డ ఎత్తుకీ మధ్య అడుగున్నర దూరం ఉంది. అది రావడానికి మా ఇంట్లో యాభై ఏళ్లకు పైగా పట్టింది.

పని జరుగుతున్నప్పుడు మా పక్కవీధి నుంచి ఒకామె వచ్చి చాలాసేపు చూస్తూ నిలబడింది. ఆమె పూతరేకులు తీసే మనిషి. ఆత్రేయపురం పేరు చెబితే ఎవరికైనా నోరూరేది ఆ రేకుల వల్లే గదా. జయ రకం బియ్యం నానబెట్టి పలచగా రుబ్బుతారు. బోర్లించిన కుండకు పక్కన ఉండే నోట్లో ఎండు కొబ్బరాకులు పెట్టి మంట వేస్తారు. పిండిలో ముంచిన పల్చటి గుడ్డను కాలిన కుండ మీదుగా ఒక్కసారి లాగితే, కన్ను మూసి తెరిచేలోగా కాగితం కంటే పల్చని రేకు తేలుతుంది. ఆకు మంట ఇట్టే లేచి ఇట్టే చల్లారుతుంది, అందుకని చెయ్యి ఊరుకోవడానికి లేదు. ఒక చేత్తో గుడ్డ, ఒక చేత్తో ఆకు. తీసేది దాదాపు అందరూ ఆడవాళ్లే. కూలి రేకుల లెక్కన. కుండ ముందు వాళ్లు కూర్చునే ఎత్తు మా నాయనమ్మ కూర్చున్న ఎత్తే.

ఆమె గూడు లోపలికి తల పెట్టి పైకి చూసి, ఆకాశం కనబడుతోందండీ అంది. మీ షెడ్డులో ఇలాంటిది పెట్టించుకోవచ్చు గదా అని అడిగాను. "గొట్టం ఎక్కువ లాగితే మంట ఒక పక్కకి పోద్దండి. రేకు ఒకేపు మాడి ఒకేపు పచ్చిగా ఉంటది. అయినా షెడ్డు మాది కాదు గదండి" అంది. ఆగి, నవ్వుతూ, "అక్కడ గోడలు నల్లబడితే ఎవరికీ నామోషీ లేదండి. మాకు పొగగొట్టాలు మేమేనండి" అంది.

నాయనమ్మ మాటకు దగ్గరి చుట్టంలా ఉంది ఆ మాట. పొగగొట్టాలు గోడల్ని చూసుకుని వస్తాయి. చూపించుకోవాల్సిన గోడ లేని చోటికి అవి రావు. 2022లో ఆత్రేయపురం తూర్పు గోదావరి జిల్లా నుంచి కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరును వేరే ఎవరూ వాడుకోకుండా, ఇక్కడి తయారీ పద్ధతికి విలువ ఉండేలా ఆ గుర్తింపు కాపాడుతుంది. మంచిదే. కుండ ముందు కూర్చున్న మనిషి పీల్చే గాలి సంగతి చూడ్డం మాత్రం ఆ గుర్తింపు పని కాదు. ఇళ్లల్లో వంట పొగ గురించి ఎన్నో పథకాలు వచ్చాయి. ఇంట్లో అదే కుండ, అదే ఆకు మంట, కానీ అమ్మకానికైతే అది వంట కాదు, కుటీర పరిశ్రమ. ఇచ్చిన సిలిండర్ ఆమె ఇంటి స్టవ్ దగ్గరే ఆగిపోతుంది. పరిశ్రమ అందామంటే కార్మికుల ఆరోగ్యం చూసే చట్టాలు ఆ షెడ్డు గుమ్మందాకా రావు. వంటకూ పరిశ్రమకూ మధ్య గీత ఎక్కడ గీశామో సరిగ్గా అక్కడే ఆమె కూర్చుని ఉంది.

ఆమె చెప్పినదాంట్లో ఒక సాంకేతిక చిక్కు కూడా ఉంది, అది కొట్టిపారేయదగింది కాదు. రేకుకు మంట నిలకడ కావాలి, ఊపిరికి పొగ బయటికి పోవాలి. మా మేస్త్రీని అడిగితే కాసేపు ఆలోచించి, గొట్టం కుండ మీద కాకుండా షెడ్డు కప్పు నడినెత్తిన సందు తీసి, దాని మీద అడుగెత్తున చిన్న కప్పు వేస్తే మంట కదలదు, పొగ మాత్రం పైకి పోతుంది అన్నాడు. పెంకుటింటి సూత్రమే, కాస్త పెద్దగా. రెండు రోజుల పని, నాలుగు రేకులు, కొన్ని గొట్టాలు. అందులో కష్టమైనదేమీ లేదు. కష్టమైంది, ఆ ఖర్చు ఎవరిదని తేల్చడం. షెడ్డు ఒకరిది, కుండ ఇంకొకరిది, అమ్మకం మరొకరిది. ఊపిరి ఒక్కటే ఆమెది.

వచ్చే నెల షెడ్డు యజమానితో మాట్లాడ్డానికి ఆమెతో పాటు మరో నలుగురు వెళ్తున్నారు. లెక్క కాగితం మీద రాసివ్వమని అడిగితే మేస్త్రీ చేత రాయించి ఇచ్చాను. కప్పు ఎంత ఎత్తున ఉండాలన్న చోట ఆయన ఖాళీ వదిలాడు. అక్కడ కూర్చుని పనిచేసేవాళ్లు చెప్పాలన్నాడు.